మన గండికి పరాయి పేరు

గండికోటను చూడబోవువారి సంఖ్య యేటేట హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. పెన్నానది యెఱ్ఱమల కొండలను నిలువునా కోసికొని పారుచోట, ఆ కొండ యంచున నిలిచియున్న కోటను ఒక్కమారైనను చూడనివాడు తాను కడప మండలమువాడనని చెప్పుకొనుట కర్థమేమి? పోవలసినదే, చూడవలసినదే. కాని పోవువారి నోట నేడు వినవచ్చుచున్న మాట యొకటి మాకు మిక్కిలి కర్ణకఠోరముగా నున్నది. గండికోట యనగా నేమని యడిగినచో "అదే, ఇండియా గ్రాండ్ కాన్యన్" అని ప్రత్యుత్తరము వచ్చుచున్నది. ప్రయాణపు కంపెనీల ప్రకటనలలో ఆ మాటయే. పత్రికల శీర్షికలలో ఆ మాటయే. చదువుకొన్న మన యువకులు మిత్రులకు పంపుకొను ఛాయాచిత్రముల క్రిందను ఆ మాటయే. తెల్లవాడు 1947లో ఓడ యెక్కిపోయెను గాని, వాని కొలబద్దను మాత్రము మన చేతిలో విడిచిపోయెను కాబోలు!

గండి యనగా నేమి? పల్లెటూరి రైతు నడిగినచో చెప్పును. చెఱువుకట్ట తెగినచోటు గండి. కొండ తెగి నీరు పారుచోటు గండి. వేంపల్లె దాపున పాపఘ్నీనది కొండ దాటుచోట వీరాంజనేయస్వామి వెలసిన క్షేత్రమునకు గండి యనియే పేరు. గండి యొడ్డున కోట కట్టిరి గనుక గండికోట. భూగోళ శాస్త్రజ్ఞుడు కూర్చుండి యాలోచించినను ఇంతకంటె పొందికయైన పేరు పెట్టగలడా? పేరులోనే ఊరి కథ యంతయు నున్నది. అట్టి పేరును ప్రక్కకు నెట్టి, అమెరికాలోని కొలరాడో నది కోసిన లోయ పేరును తెచ్చి తగిలించుట యెవరి బుద్ధియో మాకు తెలియదు. దానిని మాఱుపలుకక యంగీకరించుట మాత్రము మన బుద్ధియే.

పోనీ, ఆ పోలికవలన మనకు గౌరవమైనను దక్కుచున్నదా? ఆ అమెరికా లోయ పొడవు 277 మైళ్ళు. లోతు దాదాపు ఒక మైలు. ఆ లెక్క తెలిసినవాడెవడైనను గండికోటకు వచ్చి చూచి "ఇంతేనా?" యనక మానడు. పరాయివాని గజముతో మన యింటిని కొలిపించుకొని, తుదకు మనది చిన్నదియని తలవంచుకొనుటకా యీ సంబరము? న్యాయస్థానములో నకలు పత్రమునకు అసలు పత్రమునకున్న విలువ రాదు. ఈ సంగతి మా వృత్తిలో మొన్న చేరిన గుమాస్తాకు కూడ తెలియును. గండికోట అసలు పత్రము. దానిని మనమే నకలని వ్రాయించి మనమే చేవ్రాలు చేయుచున్నాము.

ఒక పేరునుగుఱించి ఇంత కోపమేలయని కొందఱు మిత్రులు మందలింపవచ్చును. పేరు వట్టి పేరు కాదు, అది చూపునకు దారి చూపునది. లోయను చూడవచ్చినవాడు లోయనే చూచును. వెనుకనున్న కోట వానికి కనబడదు. నేడు జరుగుచున్నదదియే. సూర్యాస్తమయ సమయమునకు మోటారుకారులలో వత్తురు. బండ చివర నిలుచుండి, కోటకు వీపు త్రిప్పి చిత్రములు తీసికొందురు. గుడారములలో రాత్రి గడిపి, సూర్యోదయమున మఱికొన్ని చిత్రములు తీసికొని, సీసాలును కాగితపు పళ్ళెములును బండల సందులలో విడిచి, జమ్మలమడుగులో నొక్క మానవునితోనైనను మాటాడకయే బెంగుళూరికో హైదరాబాదునకో మరలిపోవుదురు. ఆ కోటలో మాధవరాయస్వామి గోపురమున్నది. రంగనాథస్వామి యాలయమున్నది. వాని చేరువనే జుమ్మామసీదున్నది. వేల పుట్ల ధాన్యమునకు చాలునా యనిపించు కొట్టడియు, కారాగృహమును, పావురముల గోపురమును ఉన్నవి. విజయనగర ప్రభువుల కండగా నిలిచి ఆ కోటను పాలించిన పెమ్మసానివారి పేరు ఆ గుడారములవారిలో నూటికెందఱు వినియుందురు? 1652లో తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ సేనాని మీర్ జుమ్లాను కలిసికొనుటకై యీ కొండ యెక్కి వచ్చెను. ఆ పరదేశీయుడు తాను చూచిన కోటను, దారిని, మనుష్యులను తన గ్రంథమున వర్ణించెను. గ్రాండ్ కాన్యన్ పేరు వానికి తెలియదు, మన యదృష్టము.

చూచుట యనగా నేమో మనవారికి తెలియనిది కాదు. మఱచినారంతే. ఏనుగుల వీరాస్వామయ్యగారిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆయన చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసి, అనగా మావంటి కోర్టుపక్షివారే. 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి, పదునైదు నెలలు దేశమెల్ల తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. తిరుపతినుండి కడపమీదుగా అహోబిలము, శ్రీశైలము సేవించుకొనుచు ఆయన నడచినది మన దారియే. నేడు మనము కారు అద్దములు బిగించుకొని గంటకు నూరు కిలోమీటర్ల వేగమున దాటుచున్న ఊళ్ళను ఆయన యొక్కొక్కటిగా చూచెను. నీళ్ళు దొరకునా, దినుసులు దొరకునా, దిగుటకు తావున్నదా, అచ్చటి జనులేపాటివారు, దేవళముల వ్యవస్థ యెట్లున్నది, సర్కారువారి వసూళ్ళెట్లున్నవి, అన్నియు వ్రాసెను. ఎవరికై వ్రాసెను? అచ్చువేసి కీర్తి గడించుటకు గాదు. చెన్నపట్టణములోని తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు తెలుపుటకై వ్రాసెను. ఆ మిత్రుడే వీరాస్వామయ్యగారి మరణానంతరము 1838లో దానిని కాశీయాత్రచరిత్రగా అచ్చొత్తించెను. తెలుగువారికి దక్కిన యీ గొప్ప యాత్రాగ్రంథము ఒక స్నేహమువలన పుట్టినది, ఆ స్నేహమువలననే బ్రదికినది. మిత్రుడు లేకున్న యాత్రలేదు, గ్రంథమును లేదు.

ఇచ్చటనే మా ముఖ్యమైన యభియోగము. నేటి మన ప్రయాణములలో మిత్రుడు మాయమైనాడు. పూర్వము ఊరికిపోవుట యనగా ఎవరో యొకరి యింటికి పోవుట. ప్రొద్దుటూరునకు పోయినచో ఫలానావారి యింట, నంద్యాలకు పోయినచో ఫలానావారి యింట, అని ముందే జాబు వ్రాసికొనువారు. నేడో! కళాశాలలో నాలుగేండ్లు ఒకే గదిలో నుండి, ఒకే పళ్ళెమున తిన్నవాడు బనగానపల్లెలో నున్నాడు. మనము యాగంటి చూడబోయి, వాని వీధి చివరనే దిగి, గదికి రోజుకింతయని యిచ్చి లాడ్జీలో పండుకొని, తెల్లవాఱి చడిలేకుండ వెడలిపోవుచున్నాము. వానికి తరువాత నెవరో చెప్పుదురు. "ఏమప్పా, మా యూరికొచ్చి లాడ్జిలో పండుకొంటివంట! మేము సచ్చినామనుకొంటివా?" అని వాడు ఫోనులో నడుగును. ఈ ప్రశ్న వినని పట్టణవాసి సీమలో నుండడు. "నీకెందుకప్పా శ్రమ" అని మనము చెప్పు సమాధానములో సౌజన్యమెంతో, తప్పించుకొనుట యెంతో, ఎవరి మనస్సును వారే విచారించుకొనవలెను.

ఇది కేవల మర్యాదల ప్రశ్న కాదు. మన చరిత్రస్థలములలో మూడువంతులు మిత్రుడు చూపనిదే కనబడవు. ఎఱ్ఱగుంట్ల దాపున కలమళ్ళ యను గ్రామము కలదు. ఆ పేరు చెప్పగానే అందఱును "ఆ, విద్యుత్కేంద్రము!" అందురు. రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము పొగగొట్టములు చాల దూరమునుండి కనబడును. అదే గ్రామమున చెన్నకేశవస్వామి యాలయ ప్రాంగణమున క్రీ.శ. 575 ప్రాంతపు శాసనమొకటి గలదు. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. సంస్కృతమును గాని ప్రాకృతమును గాని ఆశ్రయింపక, రాజు తన ప్రజలతో తెలుగున మాటాడిన తొలి శాసనములలో నది మొదటిదని పండితులు చెప్పుదురు. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినదని ఊరూర సన్మానములు జరుపుకొంటిమి, శాలువలు కప్పుకొంటిమి. ఆ కప్పుకొన్న పెద్దలలో ఎందఱు కలమళ్ళకు పోయి ఆ ఱాతికొక నమస్కారము చేసిరి? పెద్దబాటమీద విద్యుత్కేంద్రమునకు దారి చూపు పలక యుండును. ఱాతికడకు కొనిపోవువాడు ఆ యూరివాడే.

గుత్తినుండి పత్తికొండ పోవు మార్గములో ఎఱ్ఱగుడి యున్నది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దములో అశోక చక్రవర్తి తన ధర్మశాసనముల నచ్చటి గుండ్లపై చెక్కించెను. పదునాలుగు మహాశాసనములును, లఘుశాసనములును గూడ నొకేచోట నుండుట యరుదు. 1929 ప్రాంతమున నొక భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించువఱకు లోకమునకు వాని యునికి తెలియదు. గొఱ్ఱెలకాపరులకు మాత్రము ఆ గుండ్లమీద ఏవో గీతలున్నవని తరతరములుగా తెలియును! అందొక లఘుశాసనములో చిత్రమున్నది. ఒక పంక్తి ఎడమనుండి కుడికి పోవును, మఱియొకటి కుడినుండి ఎడమకు మరలును, ఎద్దులు సాలుదున్ని మరలినట్లు. తెలిసినవాడు ప్రక్కనుండి వ్రేలుపెట్టి చూపినగాని ఈ వింత యెవని కంటబడును? మెకంజీ దొర కైఫీయతులు ప్రోగుచేసినప్పుడు ఆ పని చేసినవారు దొరలా? కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులును, వారివంటి దేశీయులును ఊరూర దిగి, కరణములతో, అర్చకులతో కూర్చుండి, వారి నోట విని వ్రాసికొనిరి. కడపలో బ్రౌను దొర బంగళా తోటలో నేడు నెలకొన్న గ్రంథాలయమును పట్టుదలతో లేవనెత్తినవారు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. మన కైఫీయతు లచ్చటనుండియే సంపుటములుగా వెలువడినవి. అన్నియు మనుష్యుడు మనుష్యునితో మాటాడుటవలన వచ్చినవే.

ఒక యాక్షేపణ న్యాయమైనది గలదు. మిత్రులు పదుగురు వచ్చి దిగినచో వండువారెవరు? పురుషులు వసారాలో కూర్చుండి రాయలవారి కాలమును తలపోయుచుండగా, పొయ్యిదగ్గర సంగటి కెలుకుచు చెమటలు గ్రక్కువారు ఇంటి యాడువారే కదా! ఈ యాక్షేపణ చేసినది మా యింటివారే. దీనికి మేము చెప్పగల సమాధాన మొక్కటే. పోవువారు బియ్యము, రాగిపిండి, చెనిక్కాయలు మోసికొని పోవలెను. జొన్నరొట్టె తట్టుటకు రానివాడు ఉల్లిగడ్డలు తఱుగవలెను, అంట్లు తోమవలెను. ఆడువారును కోట చూడ రావలెను. అతిథిమర్యాద పేరిట ఒకరి నడుము విఱుగగొట్టు స్నేహము స్నేహము కాదు. దానికంటె లాడ్జీయే మేలు. ఉగ్గానియు బజ్జియు అంగడిలో కొని తెచ్చుకొన్నను ఎవరి గౌరవమునకును భంగము రాదు.

మఱియొక యడ్డంకి భయము. కోస్తా జిల్లాలలోని మా మిత్రులు కొందఱు, విద్యావంతులు, పిలిచినప్పుడెల్ల "అక్కడ క్షేమమేనా?" అని యడుగుచుందురు. నవ్వుచునే యడుగుదురు గాని, అడుగకమాత్రము మానరు. పాతికేండ్లకు పైగా తెలుగు చలనచిత్రములు సీమకు చేసిన యుపకారమిది. తెల్లచొక్కా, మీసము, వేటకొడవలి, ఎగిరిపడు జీపులు! ఇచ్చట కక్షలు లేకుండెనని మేము బొంకము. ఆ కేసుల కట్టలు మా చేతులమీదుగానే పోయినవి. వాని వెనుక నీరులేని పొలములును, తండ్రిలేని బిడ్డలును ఉన్నారని మాకు తెలియును. కాని ఆ దుఃఖమును తెరకెక్కించి అమ్ముకొన్నవారు, ఆ దుఃఖమును తీర్చుటకు కానియైన నిచ్చిరా? 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు ఈ దేశమునకు రాయలసీమయని పేరు పెట్టవలెనని ప్రతిపాదించిరి. అంతవఱకు మనవి దత్తమండలములు, అనగా 1800లో నిజాము కంపెనీవారికి దానమిచ్చిన భూములు. దత్తయను ఆ యవమానపు పేరు తుడిచివేయుటకు పెద్దలు రాయలపేరు తెచ్చిరి. చలనచిత్రములవారు దానికి మరల రక్తపుమరక పూసిరి. ప్రయాణపు కంపెనీలవారు గ్రాండ్ కాన్యనని మాఱుపేరు పెట్టిరి. మనము మాత్రము చూచుచు కూర్చుండవలెనా?

కర్నూలు నడిబొడ్డుననున్న కొండారెడ్డి బురుజు సంగతి వినుడు. 2003లో 'ఒక్కడు' అను చిత్రము వచ్చినది మొదలు, పొరుగూళ్ళనుండి వచ్చు యువకులు ఆ బురుజుముందు నిలిచి కథానాయకుడు ప్రతినాయకుని కొట్టినచోటు ఇదియేకదాయని చూచి సంతోషించుచున్నారు. వారిని మేము నిందింపము. చెప్పువారు లేనప్పుడు వారికి తెలియుటెట్లు? విజయనగరపు కాలమునాటి కోటలో మిగిలిన ముక్క యది. 1839లో కంపెనీ ప్రభుత్వము రాజద్రోహము మోపి నవాబు గులాం రసూల్ ఖానుపై సేనను నడిపి, జొహరాపురముకడ పోరుసల్పి, ఆతనిని బంధించి తిరుచిరాపల్లికి పంపెను. ఆతడు మరల కర్నూలు చూడలేదు. కర్నూలు కంపెనీపాలయ్యెను. ఆ బురుజుకు కూతవేటు దూరముననే 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము జన్మించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రి. కచేరీలకు చాలినన్ని కట్టడములు లేక గుడారములు వేసిరి. 1937 నవంబరు 16న చెన్నపట్టణములో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కోస్తా, సీమ నాయకులు చేసికొన్న యొడంబడికనుబట్టి వచ్చిన రాజధాని యది. మూడేండ్ల యొక నెల నిలిచి, 1956 నవంబరు 1న హైదరాబాదునకు తరలిపోయెను. ఈ కథ తెలిసిన ముసలివారు కర్నూలు వీధులలో నేటికిని కొలదిమంది యున్నారు. వారు చిన్నతనములో ఆ గుడారములను కన్నులార చూచినవారు. వారింటి యరుగుమీద నొక సాయంకాలము కూర్చుండని యాత్రికునికి కర్నూలులో చూచినదేమున్నది?

కోవెలకుంట్ల సంగతియు నట్టిదే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అచ్చట ఉరితీసిరి. ఆయన శిరస్సును కోటగుమ్మమున ఏండ్లతరబడి వ్రేలాడదీసిరి. ఆయన పేరిట 2019లో కోట్లు వ్యయపఱచి చిత్రము తీసిరి. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. మంచిదే. ఆ విమానాశ్రయమున దిగువారు కోవెలకుంట్లకు దారి యడుగుచున్నారా?

స్నేహమునుగుఱించి మాటాడుచు కడపను విడువరాదు. ఉగాదినాడు దేవుని కడపకు పొండు. లక్ష్మీవేంకటేశ్వరుని సన్నిధికి ముసల్మాను సోదరులు కుటుంబములతో వచ్చి, టెంకాయలు కొట్టించుకొందురు. బీబీనాంచారి తమ యింటి యాడుబిడ్డ, స్వామి తమ యల్లుడు అని వారి భావన. పెద్దదర్గా ఉరుసునకు హిందువులు తండోపతండములుగా పోవుదురు. ఇది చెప్పిచేయించినది కాదు, సభలలో తీర్మానించినది కాదు. ఈ రెండు దినములలో నేదో యొకదినమున కడపలో నొక మిత్రుని యింట నుండి చూచినవానికి మతవైరముల నుపన్యసించువారి మాటలు రుచింపవు. ఒంటిమిట్ట కోదండరామాలయ మచ్చటికి ఇరువదియైదు కిలోమీటర్ల దూరమే. 1652లో ఆ ఫ్రెంచి వర్తకుడే దానిని చూచి, ఈ దేశపు గొప్ప దేవళములలో నొకటియని మెచ్చుకొనెను. వావిలికొలను సుబ్బారావుగారు భిక్షమెత్తి దానినుద్ధరించిరి. రాష్ట్రము 2014లో విడిపోయిన పిమ్మట, భద్రాచలము మనకు లేకపోవుటచే, 2015 మొదలు ప్రభుత్వమువారి శ్రీరామనవమి యుత్సవము అచ్చటనే జరుగుచున్నది. అంతవఱకు రైలు కిటికీలోనుండి గోపురము చూచి నమస్కరించినవారే యధికము.

ఇక చట్టముమాట. గండికోట గోడలమీద బొగ్గుతోను, మేకులతోను ప్రేమికుల నామధేయములు వెలసియున్నవి. 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడములను చెఱచినవారికి రెండేండ్ల కారాగారమును, లక్షరూపాయల జరిమానాయు విధింపవచ్చునని చేసిరి. గుప్తనిధులకై గుడులను త్రవ్వువారొక జాతి. దొరకిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే శాసించుచున్నది. చట్టములకు మనకు లోటులేదు. 1904లో ఈ విషయమున మొదటి చట్టము చేయించినవాడు కర్జను ప్రభువు, మఱుసటి యేట వంగదేశమును రెండుగా చీల్చినవాడు! వాని బెత్తమే మనకు నేటికిని కావలెనా? అరణ్యప్రాయమైన కొండమీద నొక్క కావలివాడు ఎన్ని గోడలు కాయగలడు? జమ్మలమడుగునుండి, ప్రొద్దుటూరునుండి, మైదుకూరునుండి మనుష్యులు ఆదివారము ఆదివారము వచ్చి తిరుగుచున్న కోటలో గడ్డపార పట్టుకొని త్రవ్వుటకు ఎవనికిని ధైర్యము చాలదు. బెలుము గుహలనే చూడుడు. ఒకప్పుడు వానిని చెత్తపోయు గోతులుగా వాడిరి. స్థానికులు పూనుకొని శుభ్రము చేయించినపిమ్మటనే 2002లో అవి యాత్రికులకు తెఱవబడినవి. మూడు కిలోమీటర్లకు మించిన గుహలు! రాబర్టు బ్రూస్ ఫుటు 1884లోనే వానినిగుఱించి వ్రాసియుండగా, మనము నూరేండ్లకు పైగా వాని నోట చెత్తపోసితిమి.

2024లో కేంద్రప్రభుత్వము గండికోట యభివృద్ధికి 77 కోట్లకు పైబడిన మొత్తమును మంజూరు చేసినది. ఆ ధనముతో నేమికట్టుదురో చూడవలసియున్నది. దీపములు, అద్దపు వంతెనలు, వినోదశాలలు కట్టినంతనే అది యభివృద్ధి కాదు. తెలుగులోను, ఉర్దూలోను, ఇంగ్లీషులోను చరిత్రను సక్రమముగా తెలుపు పలకలు మొట్టమొదట కావలెను. వానిలో గ్రాండ్ కాన్యన్ మాట యొక్కచోటనైనను కనబడరాదు. జమ్మలమడుగు యువకులకు శిక్షణనిచ్చి దారిచూపువారిగా నియమింపవలెను. మఱియొక పలకయు నుండవలెను. అదే పెన్నపై గండికోట జలాశయము నింపుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. నీరు మనకు ప్రాణము. జలాశయము వలదని మేమనము. కాని కొండమీదనుండి ఆ నీలిజలమును చిత్రము తీయువానికి దాని యడుగున నొక యూరి వీధులు, రచ్చబండ, పెండ్లిపందిళ్ళు వేసిన వాకిళ్ళు ఉన్నవని తెలియనక్కరలేదా? ఆ యూరిలో మిత్రులుండినవారికి నేడు పోవుట కిల్లు లేదు.

సంగమేశ్వరము కథ యింతకంటె పాతది. కృష్ణలో నదులు కలియుచోట, వేపదారు లింగముగల యా గుడి శ్రీశైలపు జలాశయమున ఏటేట మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే తేలుచున్నది. గుడి తేలినప్పుడు అర్చకుడు పోయి దీపము పెట్టును. మునకకు గుఱియైన రూపాల సంగమేశ్వరాలయమును ఱాయిఱాయిగా విప్పి తెచ్చి కర్నూలు జగన్నాథగట్టుమీద తిరిగి కట్టిరి. కూడవెల్లి యాలయము అలంపురము చేరినది. మునిగిన ఊళ్ళవారిని మాత్రము ఎవ్వరును ఱాయిఱాయిగా ఎత్తి ఒక్కచోట నిలుపలేదు. వారు చెదరిపోయిరి. వేసవిలో గుడి తేలినపుడు ఆ వైపు ఊళ్ళవారు కొందఱు వచ్చి, ఇది మా పొలము, ఇది మా బావియని బిడ్డలకు చూపుదురు. ఇంతకంటె పెద్ద చరిత్రస్థల మెచ్చట నున్నది?

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలులో పుట్టినవారు. 1908లో పత్రికలో వ్రాసిన వ్రాతకు మూడేండ్లు చెఱసాల ననుభవించి, పిదప గ్రంథాలయోద్యమమునకు తమ జీవితమును ధారపోసినవారు. ఆయన పెట్టిన దారిలో నడుచుచున్న పఠనమందిరములవారికి మా ప్రార్థన యిది. మీ మందిరమునుండి ఏటికి రెండుమారులు పదునైదుగురు బయలుదేరుడు. పోవు ఊరిలోని పఠనమందిరమువారికి ముందుగా జాబు వ్రాయుడు. వారింటనే దిగుడు. మఱుసటియేడు వారు మీ యింటికి రావలెను. వచ్చినవారికి మీ యూరి శాసనము, మీ యూరి దర్గా, మీ యూరి ముసలివారిని చూపుడు. న్యాయవాద సంఘములవారు ఈ విషయమున ముందడుగు వేయవలెను. వాయిదాలకు జమ్మలమడుగు న్యాయస్థానమునకు ఏటికి పదిమారులు వచ్చి, పదునైదు కిలోమీటర్ల దూరములోనున్న గండికోటను చూడని వకీళ్ళు, వయసు మీఱినవారు, మాకు తెలిసినవారే యున్నారు. వారి పేర్లు వ్రాయుటకు మా కలము సిద్ధముగానే యున్నది గాని, ఇంకొక సంవత్సరము గడువిచ్చుచున్నాము.

2016లో నంద్యాల ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము తెఱచిరి గనుక, కర్నూలు వైపువారికిప్పుడు సాకులేదు. నంద్యాలలో రైలెక్కినచో బనగానపల్లెలో దిగి యాగంటి చూడవచ్చును. మఱల యెక్కి జమ్మలమడుగులో దిగినచో గండికోట. కలమళ్ళకు ఎఱ్ఱగుంట్లలో దిగవలెను. మాఘమాసమున బయలుదేరుట మేలు, అప్పటికి ఎండ ముదరదు. కొండమీద రాత్రి చలిగాలి వీచును గనుక, ఇంటివారిని దుప్పట్లడుగక ఎవరివి వారు తెచ్చుకొనవలెను.